వెంకటనర్సయ్య రాజు షికారు

వెంకటనర్సయ్య ఆట అమ్ముకున్నాడని మా కాలనీలో ఒక మాట తిరిగింది. వనస్థలిపురం వాళ్ళతో జరిగిన చదరంగం పోటీలో ఆఖరి ఆట ఆయన కావాలనే ఓడిపోయాడట. ఎదుటి మనిషి ఇల్లు కట్టుకుంటున్నాడట, సెంట్రింగ్ సామాను నీ దగ్గరే కిరాయికి తీసుకుంటానని ఆశ పెట్టాడట, ఈయన లొంగిపోయాడట. నీళ్ళ ట్యాంకరు దగ్గర విన్నప్పుడు ఆ ఎదుటి మనిషి కట్టేది రెండంతస్తుల ఇల్లు. పాలబూత్ దగ్గరికి వచ్చేసరికి మూడంతస్తులైంది. మా చిన్నకోడలు నోట వినేసరికి కింద షట్టర్లు కూడా పడ్డాయి. మాట ఇంత వేగంగా పెరుగుతుంటే నేను ఊరుకోలేను. నేను చదివింది నాలుగో తరగతే గానీ, ఒక సంగతి చెవిన పడిందంటే దాని మొదలు చూసేదాకా నాకు అన్నం సయించదు. అందుకని అడగవలసిన వాళ్ళనందరినీ అడిగి, చూడవలసిన చోటు చూసి వచ్చాను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

వెంకటనర్సయ్య ఈ నేల మనిషి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ చౌరస్తాకు పోయే రోడ్డు పక్కన ఇప్పుడు మా ఇళ్ళున్న చోటంతా ఒకప్పుడు వాళ్ళ నాయన జంగయ్య ద్రాక్షతోట. బావిలో నీళ్ళు అడుగంటాయి, తీగలకు తెగులు పట్టింది, చుట్టుపక్కల తోటలన్నీ ప్లాట్లయ్యాయి. చివరికి అన్నదమ్ములు వీళ్ళ తోటకూ సున్నం గీతలు గీయించారు. తక్కినవాళ్ళు తమ వాటాతో ఎటో వెళ్ళారు. నర్సయ్యకు మాత్రం పందిరి కర్రలను వదలబుద్ధి కాలేదు. వచ్చినవాళ్ళంతా ఇళ్ళు కడుతున్నారు, స్లాబు పోయాలంటే కింద కర్రలు నిలబెట్టాలి, పైన పలకలు పరచాలి. ద్రాక్షతీగలను మోసిన కర్రలే మా ఇళ్ళ కప్పులను మోశాయి. అవి చాలక ఇంకా కొన్నాడు, రోడ్డు మీద రేకుల షెడ్డు వేశాడు, పెళ్ళాం పేరు మీద ఐలమ్మ సెంట్రింగ్ స్టోర్స్ అని బోర్డు రాయించాడు.

తోట పోయిందని ఆయన ఏడవగా నేను చూడలేదు. పైగా అదొక సరదా ఆయనకు. ఎవరింటికి వెళ్ళినా నిలబడి, కళ్ళు చిన్నవి చేసి, తీగల వరసలు లెక్కగడతాడు. సుమిత్రమ్మ గృహప్రవేశానికి వచ్చి నేరుగా వంటింట్లోకి పోయి నిలబడ్డాడు.

"గీ గ్యాసు పొయ్యి కాడ మా నల్లద్రాక్ష ఉండె అమ్మా. మస్తు తీపి."

సుమిత్రమ్మ రాజమండ్రి వైపు మనిషి. మా కాలనీ అసోసియేషన్ కార్యదర్శి త్రినాథరావు గారి భార్య. ఆమె భయపడిపోయింది.

"అయ్యో, కొట్టేసిన చెట్టు మీద పొయ్యి పెట్టకూడదేమోనండీ, పిన్నిగారూ" అంది నాతో.

"ఏం కాదు తియ్. చాయ్ జర తియ్యగయితది" అన్నాడు నర్సయ్య.

మనిషి అలాంటివాడు. ఇక ఆట సంగతి.

చదరంగం ఆయనకు వాళ్ళ నాయన నేర్పాడు. కాయ పండే రోజుల్లో తండ్రీకొడుకులు తోటలో కావలి కూర్చునేవారు. సంచి గుడ్డ మీద బొగ్గుతో గళ్ళు గీసుకుని, చింతగింజలను బంట్లు చేసుకుని ఆడేవారట. అది మన పాత ఆట. అందులో బంటు ఎప్పుడూ ఒక్క గడే జరుగుతుంది. రాజుకు మాత్రం ఒక హక్కుంది. ఎదుటివాడు రాజు మీదికి వచ్చి షా అనకముందు, ఆట మొత్తంలో ఒకే ఒక్కసారి, గుర్రంలాగా దూకవచ్చు.

మా అసోసియేషన్ గది పాలబూత్ మీద ఉంది. ఒక క్యారమ్ బల్ల, రోజూ వచ్చే పేపర్లు, రెండు చదరంగం బోర్డులు ఉంటాయి. సాయంత్రం ఆఫీసుల నుంచి వచ్చినవాళ్ళు చాయ్ తాగి అక్కడికి చేరతారు. నర్సయ్య మొదటిసారి ఆ మెట్లెక్కింది కప్పు రేకు కారుతోందంటే చూడడానికి. రేకు చూశాడు. కిందికి దిగేముందు ఆట కూడా చూశాడు. త్రినాథరావు గారు ఎదుట మనిషి లేక కూర్చునివున్నారు.

"మీకు వచ్చా నర్సయ్యగారూ?"

"మా నాయన నేర్పిండు సారు. ఇంక మర్వలే."

ఆట మొదలైంది. కాసేపటికి నర్సయ్య రాజును ఎత్తి, గుర్రం దూకినట్టు దూకించి, ఒక మూలకు చేర్చాడు. గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు.

"అదేంటండీ, రాజు దూకాడేంటి?" అన్నారు త్రినాథరావు గారు.

"ఒక్కపారి దూకచ్చు గద సారు. ఇంక మీరు షా అనలే."

"అది నాటు ఆటండీ. ఇక్కడ అంతర్జాతీయ రూల్సు. రాజు దూకడానికి లేదు. కోట కట్టుకుని లోపల కూర్చోవాలి."

"ఎంతసేపు కూసోవాలె?"

"వీలైనంతసేపు."

"నడవొచ్చునా మరి?"

"నడవొచ్చు, ఒక్కో అడుగు. కానీ నడవకూడదు."

"గది రూలా, మీరు చెప్పే మాటనా?"

"రూలు కాదులెండి. జాగ్రత్త."

నర్సయ్య రాజును తిరిగి దాని గడిలో పెట్టాడు. ఒక క్షణం చూశాడు. మళ్ళీ దాన్నే ఎత్తి ఒక్క అడుగు ముందుకు నడిపించాడు. ఆ రోజు ఆట ఎంతోసేపు సాగలేదు. కానీ ఆ అడుగు మాత్రం ఆయన వదలలేదు.

నాకు అర్థమైనంతవరకు ఆ ఆట ఇలా ఉంటుంది. ముందు రాజు ఎదుట ఉన్న బంటును తోస్తాడు. తరువాత దాని పక్కన, ఒంటె ముందు ఉన్న బంటును తోసి ఎదుటివాడికి ఎర వేస్తాడు. ఎదుటివాడు తింటాడు. అక్కడ బుద్ధిమంతులైతే గుర్రాన్ని బయటికి తీస్తారు, కోట కట్టుకునే పని చూసుకుంటారు. నర్సయ్య అలా చేయడు. మంత్రి, ఏనుగులు, ఒంటెలు అన్నీ ఇంట్లో ఉండగానే రాజు ఒక్కడే తలుపు తీసుకుని బయటికి వస్తాడు. ఎదుటివాడి మంత్రి పరుగున వచ్చి షా అంటుంది. రాజు ఇంకో అడుగు వేస్తాడు. ఎదుటివాడు రాజు వెనక పరుగెత్తుతున్నంతసేపూ నర్సయ్య తక్కిన బలగాన్ని ఒక్కొక్కటిగా బయటికి తెచ్చుకుంటాడు. అదీ ఎత్తు. సమయానికి తెచ్చుకుంటే గెలుపు, లేకపోతే ఆట కట్టు.

"బంటును ఎర వేసి ఆడడం పుస్తకాల్లో ఉందండీ పిన్నిగారూ, దాన్ని గాంబిట్ అంటారు" అని త్రినాథరావు గారు నాకు చెప్పారు. "రాజును కూడా బయటికి పంపే రకాలు ఒకటీ అరా ఉన్నాయి. కానీ ఇంగితం ఉన్నవాడెవడూ వాటిని రోజూ ఆడడు."

గదిలో వాళ్ళు దానికి షికారు అని పేరు పెట్టారు. నర్సయ్య మెట్లెక్కుతుంటేనే ఎవరో ఒకరు, "ఏం నర్సయ్యా, రాజుకు చెప్పులు తొడిగినవా?" అని అడిగేవారు. ఆయన ఎక్కువసార్లు ఓడిపోయేవాడు. అప్పుడప్పుడు గెలిచేవాడు. గెలిచిన రోజు ఎదుటివాడికి ఆ పూట అన్నం దిగేది కాదు, ఎందుకంటే ఎలా ఓడిపోయాడో వాడికే తెలిసేది కాదు.

ఐలమ్మకు మాత్రం ఇది వింతగా ఉండేది. ఒకరోజు నేను వాళ్ళ వాకిట్లో కూర్చుని ఉండగా ఆయన నవ్వుకుంటూ వచ్చాడు.

"గెలిచినవా?" అంది ఐలమ్మ.

"లే. ఓడిన."

"ఓడి గంత సంబురమేందయ్యా?"

"ఇయ్యాల మస్తు దూరం పోయిండే."

"ఎవరు?"

"రాజు."

ఐలమ్మ నా వైపు తిరిగింది. "చూసినవా అక్కా. ఎన్నడన్న నన్ను కోఠి బజారుకు తోల్కపోయిండా? రాజును తిప్పుతడు."

ఇలా సాగుతుండగా వనస్థలిపురం వాళ్ళ నుంచి పోటీకి పిలుపు వచ్చింది. అక్కడ కొత్త కాలనీలు, అందరూ ఉద్యోగస్తులు, వాళ్ళకూ ఒక క్లబ్బు ఉంది. ఐదుగురు ఇటు, ఐదుగురు అటు, ఒకే ఆదివారం. గెలిచినవాళ్ళ గదిలో ఏడాదిపాటు కప్పు ఉంటుంది. మా వైపు నలుగురు కుదిరారు. ఐదో మనిషి భానుమూర్తి గారు. ఆయన ఒక్కో ఎత్తుకు ఒక్కో బీడీ కాల్చేంత నిదానం. తీరా ఆ ఆదివారమే వాళ్ళ మేనకోడలి పెళ్ళి పడి ఆయన ఊరికి పోవలసి వచ్చింది. ఇక మిగిలింది నర్సయ్య.

త్రినాథరావు గారికి ఇది ఎంత మాత్రం ఇష్టం లేదు. గదిలో అందరి ముందే అన్నారు. నేను అప్పుడు పాలబూత్ దగ్గర ఉన్నాను. కిటికీ తెరిచి ఉంది, వినపడకుండా ఎలా ఉంటుంది?

"నర్సయ్యగారూ, మీరు షికారు ఆడనంటే మిమ్మల్ని తీసుకెళ్తాను."

"ఆడనని ఎట్ల జెప్త సారు? నాకు గదే వస్తది."

"అందరిలా ఆడండి. కనీసం గెలుపూ ఓటమీ లేకుండా రాజీ చేసుకోవచ్చు."

"అందరి తీరు ఆడితే అందరి తీరే ఓడిపోత. నా తీరు ఆడనియ్యిన్రి."

"సరే, మీ ఇష్టం. కానీ షికారు ఆడి ఓడిపోతే ఇక ఈ గదిలో చదరంగం బోర్డు ముందు కూర్చోవద్దు. క్యారమ్స్ ఆడుకోండి. పదిమంది పరువండీ ఇది."

అంతా సరదాకి అన్నారనుకున్నారు. నర్సయ్యకు మాత్రం అది సరదా మాట కాదు. ఆయనకు సినిమా లేదు, కల్లు లేదు, పేకాట లేదు. పొద్దంతా కర్రలు ఎత్తి దించి, సాయంత్రం స్నానం చేసి, తెల్ల చొక్కా తొడుక్కుని ఆ మెట్లెక్కడం కోసమే ఆ రోజు గడుస్తుంది. అది త్రినాథరావు గారికి తెలుసో లేదో గానీ నాకు తెలుసు.

"మంచిది సారు. ఓడితే కూసోను" అన్నాడు.

పోటీ రోజున నేను, ఐలమ్మ, సుమిత్రమ్మ ఆటోలో వెళ్ళాం. దారిలో కర్మన్‌ఘాట్ దగ్గర దిగి హనుమంతుడికి దండం పెట్టుకుంటానని, చుట్టు దారైనా సరేనని ఐలమ్మ పట్టుబట్టింది.

"ఏం మొక్కినవే?" అని అడిగాను, తిరిగి ఆటో ఎక్కాక.

"రాజును జర ఇంట్ల కూసుండవెట్టు స్వామీ అని మొక్కిన."

"ఆంజనేయస్వామిని పట్టుకుని కూర్చోబెట్టమని అడిగావా? ఆయన సముద్రం దాటినవాడు కదా" అంది సుమిత్రమ్మ. ఐలమ్మకు అప్పుడు తట్టింది. మళ్ళీ దిగుతానంది గానీ ఆటోవాడు ఆపలేదు.

అక్కడ ఒక హాల్లో ఐదు బల్లలు వేశారు. మాకు వెనక కుర్చీలు. నర్సయ్య ఎదుట కూర్చున్నది జనార్ధన్ అనే ఆయన. నల్లగొండ వైపు మనిషి, ఏదో సర్కారు కచేరీలో పని, కళ్ళజోడు, తలకు నూనె. ఆట మొదలవుతూనే నర్సయ్య రెండో బంటును ఎర వేశాడు. జనార్ధన్ దాన్ని తినేసి, జేబులోంచి రుమాలు తీసి వేళ్ళు తుడుచుకున్నాడు. నర్సయ్య రాజును ఎత్తి ఒక అడుగు ముందుకు పెట్టాడు. తుడుచుకోవడం ఆగిపోయింది.

తక్కిన బల్లల మీద ఆటలు ఒక్కొక్కటే అయిపోయాయి. మావాళ్ళు రెండు గెలిచారు, వాళ్ళు రెండు గెలిచారు. ఇక అందరూ ఈ బల్ల చుట్టూ చేరారు. త్రినాథరావు గారు తన ఆట గెలిచి వచ్చి మా పక్కన నిలబడ్డారు. నేను ఆయన చెయ్యి లాగాను.

"సారూ, మన రాజు యాడున్నడు?"

"సగం బోర్డు దాటిపోయాడు పిన్నిగారూ."

"మంచిదేనా?"

"నాకు తెలియడం లేదు."

"పుస్తకంల ఏమున్నది?"

"పుస్తకం ఎప్పుడో అయిపోయింది."

బల్ల మీద నర్సయ్య రాజు ఎదుటివాళ్ళ వాకిలి ముందు నిలబడి ఉన్నాడు. జనార్ధన్ మంత్రితో షా అన్నాడు. అప్పుడు త్రినాథరావు గారు నా చెవి దగ్గరికి వంగారు.

"వెనక్కి ఒక అడుగు వేస్తే చాలు. అతను మళ్ళీ అదే చెక్ చెబుతాడు, మనం మళ్ళీ వెనక్కి. అంతకంటే అతనికి గతిలేదు. ఆట రాజీ. కప్పు చెరో ఆరు నెలలు."

"నర్సయ్యకు ఎర్కేనా?"

"చిన్నపిల్లలకు కూడా కనిపిస్తుందండీ."

నర్సయ్య రాజును వేళ్ళతో పట్టుకున్నాడు. వెనక గడిని చూశాడు. ముందు గడిని చూశాడు. చూస్తూనే ఉన్నాడు. ఐలమ్మ నా మోకాలు పట్టుకుంది. ఆయన రాజును ముందుకు పెట్టాడు.

త్రినాథరావు గారు ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది. ఆ తరువాత జనార్ధన్ చాలాసేపు ఆలోచించాడు. తుడుచుకోవలసిన రుమాలు చేతిలో నలిగిపోయింది. ఆయన మొహం చూస్తే మనమే గెలుస్తామనిపించింది నాకు. నర్సయ్య ఒక గుర్రాన్ని తిన్నాడు. అది తినకూడదట. నాలుగు ఎత్తుల్లో మన ఆట కట్టయింది.

నర్సయ్య లేచి చెయ్యి చాపాడు. "మంచిగ ఆడిన్రు సారు." జనార్ధన్ ఆ చెయ్యి పట్టుకుని వదలడం మరిచిపోయాడు. కళ్ళు బోర్డు మీదే ఉన్నాయి. తిరుగు దారి పట్టాం. ఐలమ్మ కర్మన్‌ఘాట్ మలుపు దాటుతుంటే గుడి ఉన్న వైపు చూసి, "తప్పు నాదే అక్కా, తప్పుడు దేవుణ్ణి అడిగిన" అంది.

మర్నాడు సాయంత్రం నర్సయ్య స్నానం చేసి, తెల్ల చొక్కా తొడుక్కుని మెట్లెక్కాడు. చదరంగం వైపు చూడలేదు. క్యారమ్ బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆయనకు క్యారమ్స్ రాదు. పలకలు మోసిన వేళ్ళు, స్ట్రైకరును కొడితే అది ఎగిరి కిటికీలోంచి పాలబూత్ మీద పడింది. దాన్ని తెచ్చి ఇచ్చింది నేనే. వద్దన్న త్రినాథరావు గారే పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. వారం గడవకముందే నర్సయ్య రావడం మానేశాడు.

సరిగ్గా అప్పుడే ఐలమ్మ సెంట్రింగ్ స్టోర్స్ ముందు జనార్ధన్ స్కూటరు ఆగడం మొదలైంది. ఒకరోజు కాదు, వారంలో సగం రోజులు. ఓడించినవాడి స్కూటరు, ఓడినవాడి కొట్టు ముందు. కొట్టులో అమ్మేది లేదు, కిరాయికి ఇచ్చేది ఒక్కటే. దాంతో మాట పుట్టింది. మొదట అన్నది సుమిత్రమ్మే.

"మనం ఉండగానే రాజీ చేసుకోవచ్చని మా ఆయన అన్నారు కదా పిన్నిగారూ. కావాలని ముందుకు పెట్టారు. ఇప్పుడు ఆ స్కూటరేంటండీ మరి?"

జవాబు లేని మాట నాకు చీరలో చీమ లాంటిది. మర్నాడు వడియాలు పెట్టుకోవడానికి ఒక పలక కావాలనే సాకుతో కొట్టుకు వెళ్ళాను. లోపల పేర్చిన పలకల దొంతర మీద చదరంగం బోర్డు ఉంది. ఇటు నర్సయ్య, అటు జనార్ధన్, పక్కన చాయ్ గ్లాసులు.

"రా వదినె, కూసో" అన్నాడు నర్సయ్య.

జనార్ధన్ నన్ను చూడనే లేదు. "గుర్రాన్ని ఇడిసిపెట్టి గీ బంటును తోస్తే?" అంటున్నాడు.

"తోస్తే మీరు ఏనుగును తెస్తరు."

"తెస్త. అప్పుడు మీ రాజు గిటు జరుగుతడు. అయ్యో, నేనే పోతున్న."

"పోతున్నరా?"

"పోతున్న నర్సయ్యగారూ. నేను ఓడిపోయే ఆట గెలిచిన. అందుకే నిద్ర పడ్తలేదు. మల్ల మొదటికెల్లి పెట్టున్రి."

"సెంట్రింగ్ సంగతి మాట్లాడుకున్నరా?" అని అడిగాను, పలక చూస్తున్నట్టు నటిస్తూ.

"ఏం సెంట్రింగ్ అమ్మా?" అన్నాడు జనార్ధన్.

మాటలు నమ్మి ఊరుకునే మనిషిని కాను నేను. ఆయన వెళ్ళిపోయాక ఇల్లు ఏ వీధిలోనో నర్సయ్య దగ్గర రాబట్టాను. మరుసటి పూట వనస్థలిపురం బస్సెక్కి, ఇంటి ముందు నిలబడి, కరివేపాకు మొక్క ఉందా అని అడుగుతూ లోపలికి వెళ్ళాను. జనార్ధన్ భార్య మంచి మనిషి, ఇల్లంతా తిప్పి చూపించింది. ఒకే అంతస్తు. షట్టర్లు లేవు. స్లాబు వేసి, కర్రలు తీసి, సున్నం కూడా కొట్టేశారు. పోటీకి ఎంతో ముందే అయిపోయిందట. కప్పు వేసేసిన ఇంటికి సెంట్రింగ్ ఎవరు తెస్తారు? కరివేపాకు మొక్క కూడా ఇచ్చింది. మా పెరట్లో బతికింది.

ఆ సంగతి మొదట సుమిత్రమ్మకు చెప్పాను. ఆమె త్రినాథరావు గారికి చెప్పింది. మరుసటి సాయంత్రం ఆయన చేతులు వెనక్కి కట్టుకుని కొట్టు ముందుకు వచ్చారు.

"మేడ మీద ఒక గది వేద్దామనుకుంటున్నానండీ. పలకలు ఉన్నాయా?"

"ఉన్నయి సారు. ఎప్పుడు కావాలె?"

"వచ్చే ఏడాది." అంటూనే ఆయన కళ్ళు బోర్డు మీద పడ్డాయి. "ఈ ఏనుగు ఇక్కడికి ఎలా వచ్చింది?"

ఎదుట కూర్చున్న జనార్ధన్ చూపించాడు. త్రినాథరావు గారు కాదన్నారు. ఇద్దరూ వాదించుకున్నారు. ఐలమ్మ ఇంకో గ్లాసు చాయ్ పెట్టింది. పొద్దు గూకింది, లైటు వేశారు. త్రినాథరావు గారు సిమెంటు బస్తా మీద కూర్చుండిపోయారు, ప్యాంటు సంగతి కూడా మరిచిపోయి.

"రేపటి నుంచి పైకి రండి నర్సయ్యగారూ" అన్నారు లేస్తూ.

"ఓడితే కూసోనన్న గద సారు. మాట మాటే."

"నేనేదో కోపంలో అన్నాను."

"నేను కోపంల అనలే."

త్రినాథరావు గారు గుమ్మంలో నిలబడి ఆలోచించారు. ఆయన ఉద్యోగం ఆడిట్ ఆఫీసులో, మాటలో సందు వెతకడం వచ్చు. "గదిలో కూర్చోవద్దన్నాను. కొట్టులో కూర్చోవద్దని అనలేదుగా" అన్నారు. మర్నాడు రెండు బోర్డులూ సంచిలో వేసుకుని ఆయనే కిందికి దిగి వచ్చారు. ఊరి నుంచి వచ్చిన భానుమూర్తి గారికి గదిలో ఒక్కరూ కనపడక, పాలబూత్ వాణ్ణి అడిగి ఇక్కడికి చేరారు. ఇప్పుడు సాయంత్రమైతే మా అసోసియేషన్ చదరంగం సెంట్రింగ్ పలకల మీదే. పెద్ద స్లాబు ఏదైనా పడి పలకలన్నీ కిరాయికి పోయిన రోజున మాత్రం అందరూ నేల మీద ఆడుకుంటారు. ఐలమ్మ చాయ్ పెట్టలేక తిడుతూనే పెడుతోంది. తెల్ల చొక్కా మళ్ళీ రోజూ ఉతుకుతోంది.

ఇంతవరకు అంతా తేలింది. ఆట అమ్మలేదు, కొననూ లేదు. ఈ మాట ట్యాంకరు దగ్గర అందరి ముందూ చెప్పాను. అందరూ సరేనన్నారు. సుమిత్రమ్మ మాత్రం బిందె నడుముకు ఎత్తుకుని ఆగింది.

"అన్నీ బాగానే ఉన్నాయి పిన్నిగారూ. కానీ చిన్నపిల్లలకు కూడా కనిపించే గడి ఆయనకెందుకు కనిపించలేదు? కనిపిస్తే ఎందుకు వేయలేదు? అది మీరు చెప్పలేదు."

చెప్పలేదు. ఎందుకంటే నాకు తెలియదు. ఇంతమందిని అడిగాను, బస్సెక్కి వెళ్ళి గోడల సున్నం కూడా చూసి వచ్చాను. వెంకటనర్సయ్యను మాత్రం ఒక్కసారీ అడగలేదు. బిందె ఇంట్లో పెట్టి నేరుగా కొట్టుకు వెళ్ళాను. ఆయన బండి మీద నుంచి కర్రలు దించుకుంటున్నాడు.

"నర్సయ్యా, ఒక్క మాట అడుగుత, తిక్కగ జెప్పకు."

"అడుగు వదినె."

"ఎనక గడి ఉన్నది గదా. రాజీ అవుతుండె. నువ్వు బోర్డు ముందు కూసునే జాగ పోకపోతుండె. గది నీకు కనవడలేదా?"

ఆయన కర్రను దొంతరకు ఆనించి, చేతులు దులుపుకున్నాడు.

"కనవడ్డది వదినె. ఎనక గడిలకెల్లే వచ్చిన గద, గాడ ఏమున్నదో నాకు ఎర్కే. గా ముందు గడిల ఎవ్వరి రాజు నిలవడంగ నేను చూడలే. అంత దూరం పోయినంక, చూడకుంట నువ్వయితే మర్లి వస్తుంటివా?"